ఒడ్డున చెప్పకూడని మాట

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా స్కూల్లో ఆరో తరగతి పిల్లలకి కూడా తెలుసు. అలాంటిదాన్ని ఆదివారాలు వినియోగదారుల సంఘంలో కూర్చోమని సలహా ఇచ్చిన మనిషిని ఇప్పటికీ తిట్టుకుంటూ ఉంటాను. మద్దిలపాలెంలో ఒక హోమియో డాక్టరు గారి వరండాయే మా సంఘానికి ఆఫీసు. వచ్చేవాళ్లంతా మోసపోయే వస్తారు. వచ్చి కూర్చున్నాక మోసం చేసినవాడి తరఫున మాట్లాడతారు. మిక్సీ పేలి చెయ్యి కాలిన మనిషి కూడా "పాపం ఆ షాపాయన మంచోడేనండి, ఇద్దరాడపిల్లలు" అంటాడు. ఇలాంటివాళ్లతో వాదించి, వాళ్ల హక్కేదో వాళ్లకి ఒప్పజెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొస్తుంది.

తొంభై ఎనిమిదిలో ఒక ఆదివారం వీరన్న, గంగాలమ్మ వచ్చారు. ఊరు పెదజాలారిపేట. వాళ్ల అబ్బాయి బాబీ నా దగ్గర తొమ్మిదో తరగతి దాకా చదివాడు. మ్యాపు ఇస్తే బంగాళాఖాతం తప్ప మిగతా ప్రపంచమంతా తప్పు పెట్టేవాడు. తర్వాత చదువు మానేసి సముద్రం మీద చేపల వేటకి పోయాడు. ఆ పరిచయంతోనే తల్లిదండ్రులు నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

"ఏం గంగాలమ్మా, ఏం జరిగింది?"

"ఏటీ నేదు టీచరమ్మా. కారు కొన్నాం."

"మంచిదే కదా. కారుకేమైంది?"

"కారు బాగుందండి," అన్నాడు వీరన్న.

"బాగుంటే నా దగ్గరికెందుకొచ్చారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇసకతోట నుంచీ తోసుకుంటా వచ్చాం," అంది గంగాలమ్మ నెమ్మదిగా.

వరండా మీంచి తొంగిచూశాను. రోడ్డు పక్కన తెల్ల కారు, బానెట్టు తెరిచి ఉంది. లోపల్నుంచి ఆవిరి పొంగుతోంది. దాన్ని చూస్తూ కూడా వీరన్న "మంచి బండండి" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

విషయం రాబట్టడానికి ఒక పూట పట్టింది. వీరన్న మరబోటు మీద పనిచేస్తూ ఉండగా వలని పైకి చుట్టే వించి మిషను తాడులో చెయ్యి పడి నలిగింది. వల లాగే పట్టు పోయింది. బోటులో తాతల నాటి నుంచి వస్తున్న వాటా అమ్మేసి, డ్రైవింగు నేర్చుకుని, గాజువాకలో తాతబాబు అనే వ్యాపారి దగ్గర సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. టూరిస్టుల్ని కైలాసగిరికీ సింహాచలానికీ తిప్పి బతకాలని ఆలోచన. కొన్న నెల తిరక్కుండానే కారు వేడెక్కి ఆగిపోవడం మొదలైంది. తీసుకెళ్తే తాతబాబు విసుక్కోకుండా బాగుచేయించి ఇస్తాడు. ఒకసారి పైపు మార్చాడు, ఒకసారి నీళ్ల పంపు, మరోసారి రేడియేటరు కడిగించాడు. నాలుగు కిరాయిలు తిరిగేసరికి మళ్లీ పొగ. అరకు వెళ్లే దారిలో పెళ్లివాళ్లని దింపేసి రావలసి వచ్చిన రోజు నుంచి వీరన్నని కిరాయికి పిలిచేవాళ్లు లేరు. కారు ఇంటి ముందు ఉంది, ఇల్లు మాత్రం గంగాలమ్మ చేపల గంప మీదా బాబీ కూలి మీదా నడుస్తోంది.

"మరి బండి బాగుందంటాడేం మీ ఆయన?"

గంగాలమ్మ నొచ్చుకుంది. "అన్నం పెట్టేదాన్ని ఆడిపోసుకుంటారేటి టీచరమ్మా? పడవైనా అంతే. సిల్లు పడి నీరొచ్చేత్తన్నా మావాళ్లు పడవ పాడైపోనాదని అనరు. అంటే అదిక మనల్ని మొయ్యదు."

ఇలాంటి మాటలకి నా దగ్గర ఓపిక ఉండదు. "అలా అంటూ కూర్చుంటే మీ హక్కు మునిగిపోతుంది" అన్నాను. ఆవిడ తలూపింది. ఒప్పుకున్నట్టు కాదు, పెద్ద మనిషి మాట విన్నట్టు.

మర్నాడు స్కూలయ్యాక వీరన్నతో గాజువాక వెళ్లాను. హైవే పక్కన పందిరి వేసి కార్లు నిలబెట్టుకున్నాడు తాతబాబు. ఒక్కో కారుకీ దండ, అగరొత్తి. నన్ను చూసి కుర్చీ తుడిచి వేశాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. మనిషి మీద కోపం తెచ్చుకోవడం నాకే కష్టమైందంటే మీరు అర్థం చేసుకోవాలి.

"ఏం బావా, ఎలగుంది మన బండి?" అని వీరన్న భుజం మీద చెయ్యేశాడు.

నేను నోరు తెరిచేలోగానే వీరన్న "బాగుంది బావా" అన్నాడు. గుడ్లురిమి చూశాను. "కూసింత వేడెక్కుతంది, అంతే" అని గొణిగాడు.

"సూశారా టీచర్ గారూ? ఆయనే అంతన్నాడు. వచ్చినపుడల్లా ఇదే మాట, మా కుర్రోళ్లందరి ముందూ." తాతబాబు చేతులు కట్టుకుని నవ్వాడు.

"ఇంజను ఒక్కసారి కూడా విప్పలేదని చెప్పి అమ్మారట?"

"అమ్మాను. నిజమే కదండి మరి. అయినా సెకండ్ హ్యాండ్ అంటే సెకండ్ హ్యాండేనండి. చూసుకున్నాడు, నచ్చింది, ఉన్నదున్నట్టు తీసుకుంటన్నానని సంతకం పెట్టాడు."

"పైకి కనిపించే గీతలకీ అరిగిన టైర్లకీ ఆ సంతకం సరిపోతుంది. లోపం తెలిసీ దాచిపెట్టి అమ్మితే సరిపోదు. పాత సరుకైనా అంతే. కారు వెనక్కి తీసుకుని ఆయన డబ్బు ఆయనకిచ్చెయ్యండి."

"ఫోరానికెళ్లండి టీచర్ గారూ, నాకేటీ బాధ లేదు," అన్నాడు తాతబాబు. వెళ్లేటప్పుడు బస్‌స్టాపు దాకా వచ్చి సాగనంపాడు కూడా.

జిల్లా వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేశాం. అక్కడ వకీలు అక్కర్లేదు, మనిషి తన గోడు తనే చెప్పుకోవచ్చు, పక్కన నాలాంటిది నిలబడొచ్చు. తాతబాబు మాత్రం సన్యాసిరాజు గారనే వకీల్ని పెట్టుకున్నాడు. వయసు మళ్లిన మనిషి, గొంతు పెంచరు. ముందుగా ఆయన, కారుని కిరాయికి తిప్పుకుంటున్నారు గనక ఇది వ్యాపారం, వీళ్లు వినియోగదారులే కారన్నారు. సొంతంగా తోలుకుని పొట్టపోసుకునేవాడు వినియోగదారుడేనని చట్టంలోనే ఉంది. అది చదివి వినిపించాను. ఫోరం అధ్యక్షుడు తలూపారు. ఆ రోజు ఇంటికెళ్లి పాయసం చేసుకున్నాను.

తర్వాత ఫోరం కారుని పాలిటెక్నిక్‌కి పరీక్షకి పంపింది. ఇంజనుకి పగులుందని, దానికి ఏదో మందు పూసి పైన రంగు వేశారని వాళ్లు తేల్చారు. ఇక గెలిచినట్టే అనుకున్నాను. సన్యాసిరాజు గారు మాత్రం తొణకలేదు. "పగులు ఉంది, కాదనడం లేదు. ఎప్పుడు వచ్చిందన్నదే ప్రశ్న. వీరన్న గారు నీళ్లు చూసుకోకుండా తోలితే వచ్చింది. బయట ఎక్కడో మందు పూయించుకున్నారు. మా దగ్గరికి మొదటిసారి వచ్చింది కొన్న మూడు వారాలకి. అప్పుడు కూడా బండి బాగుందనే చెప్పారు" అన్నారు.

అందువల్ల మొత్తం కేసు ఒకే ఒక్క సంగతి మీదికొచ్చి కూర్చుంది. కారు మొట్టమొదట ఎప్పుడు ఆగింది? తాతబాబు చేతిలోంచి వచ్చేనాటికే జబ్బుందా, తర్వాత వచ్చిందా? ఉందని తేలితే వాళ్ల బోటు వాటా వాళ్లకి తిరిగొస్తుంది. తేలకపోతే ఇంటి ముందు ఇనప సామాను మిగులుతుంది.

జాలారిపేట వెళ్లి ఇద్దర్నీ కూర్చోబెట్టాను. "మొదటి మూడు వారాలూ ఏ ఇబ్బందీ లేదా?"

"నేదండి," అన్నాడు వీరన్న.

"కారు కొన్నాక పూజ ఎక్కడ చేయించారు?"

"సింహాచలం. కొన్న రోజే ఎల్లినాం."

"అయితే ఘాట్‌రోడ్డు ఎక్కిందన్నమాట. అంత కొండ ఎక్కిన కారు తర్వాత చదును రోడ్డు మీద ఎందుకాగుతుంది?"

వీరన్న గోడ వైపు తిరిగాడు. గంగాలమ్మ చేటలో బియ్యం ఏరుతున్నది చెయ్యి ఆపేసింది. ఇరవయ్యేళ్లు క్లాసులో నిలబడ్డదాన్ని, దాచే మొహం ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఆ రోజు ఏం జరిగింది?"

"అది అడక్కండి టీచరమ్మా."

"అడక్కపోతే ఏటి చెయ్యమంటావు? కేసంతా అక్కడే ఉంది!" కోపం వస్తే నాకూ ఊరి మాట వచ్చేస్తుంది.

చాలాసేపు బతిమాలితే చెప్పింది. ఏం జరిగిందన్నది కాదు, ఎందుకు చెప్పదన్నది. వాళ్లింట్లో కొత్త పడవ నీళ్లలో దిగినప్పుడు తొలి వేటలో కీడేదైనా జరిగితే ఒడ్డుకొచ్చాక దాని గురించి ఎవరూ నోరెత్తరు. ఇంటి మనిషి ఎవరైనా నీటి మీద ఉండగా ఆ మాట ఒడ్డున పలికితే, ఆ మనిషి తిరిగి రాడు. వీరన్న తండ్రి ఒకసారి సారా దుకాణంలో నోరు జారాడట. అప్పుడు నీటి మీద ఉన్నది వీరన్న అన్న. ఆయన ప్రాణంతో ఆ మాట బాకీ తీరిందంటారు. ఆయన ఫొటో ఒక్కటి కూడా లేదు ఇంట్లో, తీయించుకునే వయసు రాకుండానే పోయాడు.

"ఇది పడవ కాదు గంగాలమ్మా. కారు. నాలుగు చక్రాలున్నాయి."

"అన్నం పెట్టేదే కదా."

"బాబీ గురించేనా భయం?"

"ఆడు యేట మీదున్నాడు," అని మళ్లీ బియ్యం ఏరడం మొదలెట్టింది.

ఏమీ కాదు అన్నాను. ఆ రోజు అన్నాను, ఆ తర్వాత వెళ్లిన ప్రతిసారీ అన్నాను. తుపాను ఎందుకు పుడుతుందో సుద్దముక్కతో వాళ్ల గచ్చు మీద గీసి చూపించాను. అల్పపీడనానికీ మీ కారుకీ సంబంధం లేదన్నాను. ఆవిడ శ్రద్ధగా వినేది, టీ ఇచ్చేది, చేపల కూర గిన్నెలో పెట్టి ఇచ్చేది. మాట మాత్రం ఇచ్చేది కాదు. బస్సులో ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని వీళ్లు బాగుపడరని తిట్టుకుంటూ ఇంటికొచ్చేదాన్ని.

బాబీ ఒడ్డున ఉన్నప్పుడు ఒకసారి స్కూలుకొచ్చాడు. వంజరం ముక్కలు ఆకులో చుట్టి తెచ్చాడు. మనిషి ఎదిగి గుమ్మానికి తగిలేట్టున్నాడు. స్టాఫ్‌రూములో మేష్టర్లందరికీ వేట కబుర్లు చెప్పాడు. నీళ్ల రంగు చూసి కింద ఏ చేపుందో తను చెప్తే బోటు నడిపే సరంగు కూడా వింటున్నాడని మురిసిపోయాడు.

"మీ నాన్నతో పాటు డ్రైవింగు నేర్చుకోవచ్చు కదరా?"

"నాకు రోడ్డు పడదు టీచర్. కారెక్కితే కళ్లు తిరుగుతాయి. నీటి మీదైతే నాకు నిద్ర కూడా రాదు, అంత బాగుంటది." నవ్వాడు. "ఇంకో రెండేళ్లలో సరంగునవుతాను, సూడండి."

"మీ అమ్మ ఏం దాస్తోందో నీకు తెలుసా?"

"ఆ రోజు నాను యేటలో ఉన్నాను. నాకూ సెప్పరు."

విచారణ రోజు బాబీ మళ్లీ సముద్రం మీదే ఉన్నాడు. సన్యాసిరాజు గారు మర్యాదగా వీరన్నని అడిగారు. మొదటి రోజు కారు బాగా నడిచిందా? వీరన్న భార్య వైపు చూశాడు. గంగాలమ్మని అడిగారు. ఆవిడ లేచి నిలబడి కొంగు భుజం మీదికి లాక్కుంది.

"అయ్యా, నా కొడుకు యేటకెల్లాడు. బోటు ఒడ్డుకొచ్చాక సెప్తాను. అందాకా గడువియ్యండి."

ఫోరంలో ఉన్నవాళ్లు కొందరు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. "అబ్బాయి వచ్చి ఏం చెప్పాలో నేర్పిస్తాడు కాబోలు" అన్నారు సన్యాసిరాజు గారు. అధ్యక్షుడు కళ్లజోడు తీసి, అబ్బాయికీ దీనికీ ఏమిటమ్మా సంబంధం అని అడిగారు.

"ఆడు నీటి మీదుండగా సెప్పకూడని మాటండి అది. అబద్ధం సెప్పమంటే ఇప్పుడే సెప్పేత్తాను. నిజం గావాలంటే ఆడు రావాలి."

అధ్యక్షుడు పక్కనున్న మహిళా సభ్యురాలితో ఏదో అని, వాయిదా వేశారు. బయటికొచ్చాక నేను గంగాలమ్మతో మాట్లాడలేదు. బస్సు ఎక్కేదాకా మాట్లాడలేదు. ఆవిడే నా టికెట్టు కూడా తీసింది.

తర్వాతి వాయిదా నాటికి మేం వెళ్లేసరికే బాబీ ఫోరం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లవారుజామున బోటు జెట్టీకి తగిలిందట. ఇంటికెళ్లకుండా తిన్నగా వచ్చేశాడు. చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. గంగాలమ్మ వాడి చెయ్యి పట్టుకుని చూసుకుంది, నుదురు తడిమింది. అప్పుడు లోపలికెళ్లి నిలబడింది.

"తొలిరోజేనండి ఆగిపోనాది," అంది. "గాజువాక నుంచి తిన్నగా సింహాచలం ఎల్లినాం. కొండ సగానికి ఎల్లేసరికి గుప్పుమని ఆవిరి. మా ఆయన బ్రేకు తొక్కి పట్టుకుంటే నాను దిగి రాళ్లేరి సక్రాల కింద పెట్టినాను. మా ఆడపడుచు ఏడుపు. ఎవులో బస్సోళ్లు నీళ్లిచ్చారు. పోసిన నీళ్లు పోసినట్టు కిందకి కారిపోనాయి. బండి అక్కడే ఇడిసేసి నడిసి కొండెక్కినాం. దర్శనం సేసుకున్నాం. ఇంటికొచ్చి బాగా జరిగిందని అందరికీ సెప్పినాం."

"తర్వాత?" అన్నారు అధ్యక్షుడు.

"మర్నాడు కబురెడితే తాతబాబు గారి మనుసులే వచ్చి తాడు కట్టి లాక్కెళ్లారండి. తాతబాబు గారే మా ఆయనతో అన్నాడు, కొత్త బండికి తొలిరోజు కీడు జరిగిందని నలుగురికీ సెప్పుకోకు బావా, మీ ఇళ్లల్లో మంచిది కాదు కదా అని. ఆయనకి మా సంగతులు తెలుసు. ఆయన పందిరి ముందే సేపలమ్ముతాం మేం."

తాతబాబు అప్పటిదాకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. ఇప్పుడు మొహం తుడుచుకున్నాడు.

సన్యాసిరాజు గారు లేచారు. "ఇన్నాళ్లూ ఈ మాట మీ టీచరు గారికి కూడా చెప్పలేదు. ఇవాళ కేసుకి కావలసి వచ్చేసరికి గుర్తొచ్చింది. అబ్బాయి ఒడ్డుకొచ్చాడు గనక ఇక ఏం చెప్పినా నష్టం లేదు. అంతేనా అమ్మా?"

"నష్టం నేకేటండి?" అంది గంగాలమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "ఒడ్డున ఈ మాట పలికిన ఇంట్లోంచి ఇక ఎవులూ నీటి మీదికి ఎల్లకూడదు. పలికేసినాను. మా బాబీ ఇక యేటకెల్లడు."

గుమ్మంలో బాబీ "అమ్మా!" అన్నాడు. అంత మనిషి, తరగతిలో పేరు తప్పుగా పిలిస్తే అరిచినట్టు అరిచాడు. గంగాలమ్మ వెనక్కి తిరగలేదు. వీరన్న రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆయనకి ముందే తెలుసు. నాకు తెలియదు. గడువు అడిగింది కొడుకు క్షేమంగా వచ్చేదాకా ఆగడానికే అనుకున్నాను గానీ, వాడి సముద్రాన్ని తీసుకొచ్చి ఆ బల్ల మీద పెడుతుందని అనుకోలేదు.

సన్యాసిరాజు గారు ఇక అడిగేదేమీ లేదని కూర్చున్నారు.

తీర్పు మాకే వచ్చింది. లోపం తెలిసి దాచాడని, కారు వెనక్కి తీసుకుని పుచ్చుకున్నదంతా వడ్డీతో, ఖర్చులతో తిరిగివ్వాలని రాశారు. అధ్యక్షుడు అందులో ఒక మాట రాశారు: ఈ సాక్షి చెప్పింది నమ్మడానికి, చెప్పినందువల్ల ఆమె పోగొట్టుకున్నదే మాకు ఆధారం. తాతబాబు పై కోర్టుకెళ్లలేదు. డబ్బు తెచ్చి ఇచ్చి, బావా అని పిలిచి, కారు తోలించుకుపోయాడు. మా సంఘంలో నాకు శాలువా కప్పారు. నేను కూడా చాలా సంతోషించాను, అబద్ధం చెప్పను.

నెల గడిచాక బాబీ స్కూలుకొచ్చాడు. ఈసారి చేతిలో చేపలు లేవు. స్టీల్‌ప్లాంటు గేటు దగ్గర కాంట్రాక్టరు కింద కూలికెళ్తున్నాడట. మొహం పీక్కుపోయి ఉంది.

"టీచర్, గెలిచాం కదా. ఇప్పుడైనా మా అమ్మకి సెప్పండి. వాటా కొనడానికి డబ్బులున్నాయి. సరంగు రమ్మంటన్నాడు. అమ్మ ఒడ్డు దాటనివ్వట్లేదు. మీ మాటైతే ఇంటది."

"ఎందుకు చెప్పను? పద," అన్నాను. అది నేను ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. బడి వదలగానే వాడితో కలిసి జాలారిపేట వెళ్లాను. దారిపొడుగునా ఏం మాట్లాడాలో సర్దుకున్నాను. మూఢనమ్మకం, అల్పపీడనం, వాతావరణ శాఖ హెచ్చరికలు, కొత్త బోట్లలో వైర్‌లెస్సు. అన్నీ ఉన్నాయి నా దగ్గర.

గంగాలమ్మ చాప వేసింది, టీ పెట్టింది. నేను మొదలుపెట్టాను. ఆవిడ ఎప్పట్లాగే శ్రద్ధగా వింది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు బాబీని పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టింది.

"టీచరమ్మా, మీరు ఇన్నాళ్లూ ఏటీ అవదు, ఏటీ అవదు అన్నారు. నాను సదువుకోలేదు, మీరు సదువుకున్నారు. ఇప్పుడు ఈడి మొకం సూసి ఆ మాటే ఒక్కసారి అనండి. ఏటీ అవదు, పంపించు అనండి. రేపే పంపిత్తాను. ఇంకో మాట అడగను."

వెటకారం కాదు. ఆవిడ నిజంగానే అడిగింది. నేను అంటే బాగుండునని ఆశపడుతున్నట్టు కూడా అనిపించింది. వీరన్న గుమ్మంలో కూర్చుని నా వైపే చూస్తున్నాడు.

బాబీ నా కళ్లలోకి చూశాడు. తొమ్మిదో తరగతిలో జవాబు రానప్పుడు నేను అందిస్తానేమోనని చూసేవాడు, అదే చూపు. చెప్పాలనే నోరు తెరిచాను. వాళ్లింటికి ఇరవై అడుగులు కూడా లేదు సముద్రం. ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అయినా ఆ రెండు ముక్కలూ నా నోట రాలేదు. టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఒళ్లంతా సిగ్గు పట్టుకుంది.

గంగాలమ్మ గ్లాసు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లింది.

బాబీ బస్సు ఎక్కించడానికి నాతో వచ్చాడు. 

"మీరూ నమ్ముతారన్నమాట టీచర్," అన్నాడు.

"నమ్మనురా."

"మరెందుకు అన్లేదు?"

"నువ్వు ఎదురుగా ఉన్నావు," అన్నాను.  క్షమించమని అడుగుదామనుకున్నాను, అదీ రాలేదు.

 బస్సు ఆలస్యమైంది. వచ్చేదాకా వాడు నా పక్కనే నిలబడ్డాడు, సముద్రం వైపు వీపు పెట్టి.